పాత కారు పవర్ విండోలు ఒకప్పుడు పనిచేసి ఒకప్పుడు మొరాయిస్తున్నాయి: రెండు మోటార్లూ మార్చవలసిందేనా?

బెజవాడ బండి:

నమస్కారం. మా ఇంట్లో 2008 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కారు ఉంది. ముందు తలుపులు రెండింటికీ తయారీదారే అమర్చిన పవర్ విండోలు, వెనుక తలుపులకు చేత్తో తిప్పే పిడులు ఉన్నాయి. కొన్ని నెలలుగా ముందు అద్దాలు రెండూ ఇబ్బంది పెడుతున్నాయి. ఎడమవైపు అద్దం, అంటే డ్రైవరు పక్కన కూర్చునేవారి వైపుది, కొన్నాళ్లు చక్కగా పనిచేస్తుంది, కొన్నాళ్లు స్విచ్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. తలుపు ఒకసారి గట్టిగా వేస్తే మళ్లీ కొంతసేపు దారికి వస్తుంది. డ్రైవరు వైపు అద్దం దిగడంలో ఏ లోపమూ లేదు కానీ, పైకి వచ్చేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది, మధ్యాహ్నపు ఎండలో సగం దాకా వచ్చి ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ కదులుతుంది.

ఫ్యూజు తీసి చూశాను, బాగానే ఉంది. బ్యాటరీ కొత్తది. మేము చూపించిన మెకానిక్ తలుపు విప్పకుండానే రెండు మోటార్లూ, వాటి రెగ్యులేటర్లూ (మోటారు తిరిగితే అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగం) కలిపి మార్చాలని చెప్పారు. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీని మరో ఐదేళ్లకు పొడిగించుకున్న బండి కనుక కొంత ఖర్చు పెట్టడానికి అభ్యంతరం లేదు, అయితే రోగమేమిటో తేల్చకుండా మందు వాడడం నాకు ఇష్టం లేదు. వీటికి సంబంధం ఉందో లేదో తెలియదు కానీ, ఎడమ తలుపులోని స్పీకరు కూడా గతుకుల రోడ్డు మీద ఆగి ఆగి మోగుతున్నది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

లూజు కాంటాక్టు:

మీరు ఒకే సమస్యగా రాసినవి నా దృష్టిలో రెండు వేర్వేరు సమస్యలు. ఎడమ అద్దం ఉన్నట్టుండి పూర్తిగా చచ్చిపోయి ఉన్నట్టుండి బతుకుతున్నది. కుడి అద్దం ఎప్పుడూ బతికే ఉంది కానీ ఆయాసపడుతున్నది. మొదటిది కరెంటు దారి తెగడం వల్ల వచ్చే లక్షణం, రెండవది కరెంటు అందుతున్నా పని భారమైనప్పుడు వచ్చే లక్షణం. రెండింటికీ మోటారే కారణమని తలుపు విప్పకుండా చెప్పడం తొందరపాటు. ముందుగా ఎడమ అద్దం సంగతి చూద్దాం.

ఈ రకం పాత బండ్లలో విండో మోటారుకు ఉండేవి రెండే తీగలు. ఒక తీగకు ప్లస్, రెండవ తీగకు ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే బండి బాడీ) ఇస్తే అద్దం పైకి వస్తుంది, తారుమారు చేస్తే కిందికి దిగుతుంది. స్విచ్‌ను ముట్టుకోనప్పుడు రెండు తీగలూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. నొక్కినప్పుడు వాటిలో ఒకటి మాత్రమే ఎర్త్‌ను వదిలి ప్లస్‌ను పట్టుకుంటుంది. చాలామంది గమనించని విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఎడమ తలుపులోని స్విచ్ నొక్కినప్పుడు ప్లస్ ఆ తలుపులోనే దొరుకుతుంది కానీ, తిరుగు కరెంటు ఆ తలుపు దాటి, డ్యాష్‌బోర్డు కింద నుంచి బండి అడ్డంగా ప్రయాణించి, డ్రైవరు తలుపులో ఉన్న మాస్టర్ స్విచ్ దాకా వెళ్లి, అక్కడి కాంటాక్టు గుండా ఎర్త్‌ను చేరుతుంది. అందుచేత ఎడమ అద్దం ఆగిపోవడానికి కారణం కుడి తలుపులో ఉండవచ్చు, రెండు తలుపుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

ఎడమ అద్దం మొరాయించిన ఆ క్షణంలోనే, తలుపును కదపకుండా, నాలుగు నొక్కులు నొక్కి చూడండి: మాస్టర్ స్విచ్ నుంచి పైకి, కిందికి, ఎడమ తలుపు స్విచ్ నుంచి పైకి, కిందికి. బాగా పనిచేస్తున్నప్పుడు ఈ పరిశీలన చేసి లాభం లేదు. ప్రతి నొక్కుకూ లోపలి రూఫ్ లైటు వెలిగించి ఉంచి, అది ఏ మాత్రమైనా మసకబారుతున్నదా అన్నది కూడా గమనించండి. అద్దం కదలకపోయినా లైటు మసకబారితే కరెంటు మోటారు దాకా వెళ్తున్నట్టు, మోటారో రెగ్యులేటరో బిగుసుకుపోయినట్టు. లైటులో చలనమే లేకపోతే దారి ఎక్కడో తెగినట్టు. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. డ్రైవరు దగ్గర విండో లాక్ బటన్ ఉంటే అది నొక్కి లేదని ముందే నిర్ధారించుకోండి. పిల్లలున్న ఇళ్లలో దాన్ని మరచిపోవడం మామూలే.

బెజవాడ బండి:

చాలా వివరంగా రాశారు, ధన్యవాదాలు. ఈ రోజు ఉదయం ఎడమ అద్దం మొరాయించగానే మీరు చెప్పినట్టే చూశాను. మాస్టర్ స్విచ్ నుంచి పైకీ కిందికీ కదలిక లేదు. ఎడమ తలుపు స్విచ్ నుంచి కిందికి దిగింది, పైకి మాత్రం రాలేదు. పని చేయని మూడు నొక్కులలోనూ రూఫ్ లైటు కొంచెం కూడా మసకబారలేదు. ఒక్క దిశలోనే పనిచేయడం చూసి స్విచ్ పాడైందేమో అనిపించింది. కుడి అద్దం పైకి వచ్చేటప్పుడు మాత్రం లైటు బాగా మసకబారుతున్నది.

లూజు కాంటాక్టు:

ఇంత స్పష్టమైన జవాబు దొరకడం అరుదు. అద్దం కిందికి దిగింది కనుక మోటారు బాగుంది, దాని లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు బాగున్నాయి, ఎడమ తలుపుకు వచ్చే ప్లస్ తీగ కూడా బాగుంది. ఈ వైపు మోటారు కొనవలసిన అవసరం లేదు.

రెండు తలుపుల మధ్య తిరిగే తీగలు రెండు ఉంటాయి. ఎక్కించే తీగ, దించే తీగ అనుకుందాం. ఎడమ స్విచ్‌తో అద్దాన్ని పైకి తెచ్చేటప్పుడు తిరుగు కరెంటు దించే తీగ గుండా మాస్టర్ స్విచ్‌కు వెళ్లాలి. ఆ తీగ తెగితే ఎడమ స్విచ్ నుంచి పైకి రావడం ఆగిపోతుంది, దిగడం ఆగదు, ఎందుకంటే దిగేటప్పుడు తిరుగు ప్రయాణం రెండవ తీగది. మాస్టర్ స్విచ్‌కు ఈ వెసులుబాటు లేదు. అక్కడి నుంచి ఏ దిశలో నొక్కినా కరెంటు ఒక తీగలో వెళ్లి రెండవ తీగలో తిరిగి రావాలి కనుక రెండింటిలో ఏది తెగినా రెండు దిశలూ ఆగిపోతాయి. మీరు చూసింది సరిగ్గా ఇదే.

స్విచ్ మీద మీ అనుమానం సహజమే కానీ లెక్క కుదరదు. మాస్టర్ స్విచ్‌లో ఎర్త్ కాంటాక్టు ఒకటి కాలిపోయి ఉంటే, రెండు స్విచ్‌ల నుంచీ ఒకే దిశ ఆగిపోయి రెండవ దిశ రెండు చోట్ల నుంచీ పనిచేసి ఉండేది. ఎడమ తలుపుకు వచ్చే ప్లస్ తెగి ఉంటే, ఎడమ స్విచ్ రెండు దిశలలోనూ చచ్చిపోయి మాస్టర్ నుంచి మాత్రం అద్దం హాయిగా కదిలేది. ఎడమ స్విచ్‌కూ మోటారుకూ మధ్య తీగ తెగి ఉంటే నాలుగు నొక్కులూ వృథా అయ్యేవి. తలుపు వేస్తే దారికి రావడం, అదే తలుపులోని స్పీకరు ఆగి ఆగి మోగడం, ఈ రెండూ కలిపి చూస్తే తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోనే తీగ తెగిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ తీగలు వంగి సాగుతాయి. ఏళ్లు గడిచాక లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పై తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ తర్కం రెండు తీగల మోటారు, మామూలు స్విచ్‌లు ఉన్న బండ్లకే వర్తిస్తుంది. స్విచ్ కేవలం సంకేతం పంపి, తలుపులోని ఎలక్ట్రానిక్ మాడ్యూలు మోటారును నడిపే బండ్లలో ఇది పనికిరాదు.

కొలబద్ద:

పైన చెప్పినదంతా సరైనదే. విప్పే ముందు మీటరుతో నిర్ధారించుకోదలిస్తే, అద్దం మొరాయించిన సమయంలో ఒకరు ఎడమ స్విచ్‌ను పైకి నొక్కి పట్టుకోవాలి, మరొకరు దించే తీగలో బాడీ ఎర్త్‌కు ఎంత వోల్టేజి ఉందో రెండు చోట్ల, ఎడమ స్విచ్ కనెక్టరు దగ్గర ఒకసారి, మాస్టర్ స్విచ్ కనెక్టరు దగ్గర ఒకసారి, కొలవాలి. ఎడమ చివర సుమారు 12 వోల్టులు, మాస్టర్ చివర సున్నా చూపితే తీగ ఆ రెండింటి మధ్య తెగింది. రెండు చోట్లా 12 చూపితే తీగ బాగుంది, ఎర్త్ ఇవ్వనిది మాస్టర్ స్విచ్. ఎర్త్ కావలసిన తీగలో 12 వోల్టులు కనిపించడం మొదట వింతగా తోస్తుంది. మోటారు గుండా వచ్చిన ప్లస్‌కు పోయే దారి లేక అక్కడే నిలిచిపోయిందని దాని అర్థం.

మల్టీమీటరును గుడ్డిగా నమ్మకూడని సందర్భం కూడా ఒకటి ఉంది. అది దాదాపు కరెంటేమీ లాగదు. తీగలో ఒక్క రాగి పోగు మిగిలినా చాలు, మోటారు కనెక్టరు ఊడదీసి కొలిస్తే మీటరు నిండు 12 వోల్టులు చూపిస్తుంది, కనెక్టరు మళ్లీ పెట్టి నొక్కితే అద్దం కదలదు. తీగ తెగలేదని మీటరు చేసే కంటిన్యుటీ బీప్ కూడా అలాగే మోసం చేస్తుంది. అందుకే ఊడదీసిన కనెక్టరుకు మోటారు బదులు 55 వాట్ల పాత హెడ్‌లైట్ బల్బు కలిపి చూడమంటాను. అది నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, అద్దం మామూలుగా కదిలేటప్పుడు మోటారు లాగే భారానికి దగ్గరగా ఉంటుంది. బల్బు నిండుగా వెలిగితే దారి బాగుంది, ఎర్రగా మిణుకుమంటే తీగ చివరి దశలో ఉంది. చిన్న ఎల్‌ఈడీ టెస్టరు ఈ పనికి పనికిరాదు. దానికి ఒక్క పోగే ఎక్కువ.

ఆటోనగర్ పాతకాపు:

చాలా ఏళ్లు ఈ పనే చేశాను కనుక చేతిపని గురించి రాస్తాను. ముందు బ్యాటరీ మైనస్ తీయండి. మీ బండి తలుపులో ఎయిర్‌బ్యాగ్ తీగలు ఉండే అవకాశం తక్కువ. పసుపు రంగు తొడుగు ఉన్న తీగ ఏదైనా కనిపిస్తే మాత్రం దాని జోలికి వెళ్లవద్దు. గొట్టం బాడీ వైపు అంచును వేళ్లతో నొక్కి బయటికి లాగితే ఊడి వస్తుంది, దాన్ని వెనక్కి జరిపి తీగలను బయటపెట్టండి. ఒక్కొక్క తీగను రెండు చివర్ల పట్టుకుని మెల్లగా లాగండి. మంచి తీగ గట్టిగా నిలుస్తుంది. లోపల తెగిన తీగ రబ్బరులా సాగుతుంది, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఉత్త తొడుగే. ఒకటి తెగిందంటే పక్కవి కూడా తెగడానికి సిద్ధంగా ఉంటాయి కనుక మోటారు తీగలు, ప్లస్ తీగ, స్పీకరు తీగలు అన్నిటినీ చూడండి.

తెగినచోట రెండు చివర్లను మెలిపెట్టి టేపు చుట్టడం అందరూ చేసే పని, వానాకాలం దాటకముందే అందరూ మళ్లీ వచ్చే పని. అతుకు వంగే చోట ఉండకూడదు. తెగిన భాగాన్ని రెండు వైపులా మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి, అదే మందం ఉన్న, సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని తీగ ముక్కను మధ్యలో వేసి, ఒక అతుకు తలుపు లోపల, రెండవ అతుకు బాడీ లోపల పడేలా పొడవు చూసుకోవాలి. అన్ని తీగల అతుకులూ ఒకే చోట పడితే ముడి లావై గొట్టంలో పట్టదు, కాబట్టి ఒకదానికొకటి కాస్త ఎడంగా వేయండి.

అతుకులకు సోల్డరింగ్ చేయమని చాలామంది చెబుతారు. వంగే చోటికి దూరంగా అయితే నాకు అభ్యంతరం లేదు. వంగే చోట మాత్రం సోల్డరు పోగుల మధ్య పాకి తీగను పుల్లలా బిరుసు చేస్తుంది, ఆ బిరుసు ఆగిన చోటే మళ్లీ విరుగుతుంది. నా మటుకు నాకు సరైన సైజు స్లీవు వేసి, సరైన పనిముట్టుతో క్రింపు చేసి, అంటే స్లీవును తీగ మీద గట్టిగా నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగడమే నమ్మకం. కటింగ్ ప్లేయరుతో నొక్కినదాన్ని క్రింపు అనరు.

సాగరతీరం:

కుడి అద్దం గురించి ఇంకా ఎవరూ రాయలేదు కనుక ఆ వైపు నుంచి వస్తాను. నేను ఉండేది విశాఖపట్నంలో. ఉప్పుగాలికి ఇక్కడ కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టడం మామూలు, ఎర్త్ బోల్టులు కూడా తుప్పు పడతాయి, కానీ మీరు చెప్పిన లక్షణం అది కాదని నా అభిప్రాయం. పైకి వచ్చేటప్పుడు లైటు బాగా మసకబారుతున్నదంటే మోటారు కరెంటును గట్టిగానే లాగుతున్నది. ఎర్త్ బలహీనంగా ఉంటే అంత కరెంటు పారేదే కాదు.

అద్దం అంచులు ఇరువైపులా ఫెల్టు పూత ఉన్న రబ్బరు గాడిలో నడుస్తాయి. పదిహేనేళ్ల దుమ్ము ఆ గాడిలో చేరి గట్టిపడుతుంది, ఫెల్టు అరిగిపోయి రబ్బరు నేరుగా అద్దాన్ని పట్టుకుంటుంది, ఎండలో రబ్బరు ఇంకా అంటుకుంటుంది. దిగేటప్పుడు అద్దం బరువు మోటారుకు సాయం చేస్తుంది, ఎక్కేటప్పుడు అదే బరువు ఎదురు నిలుస్తుంది, అందుకే లోపం ముందుగా పైకి వచ్చేటప్పుడే బయటపడుతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు ఆపి, చల్లారాక మళ్లీ కలిపే రక్షణ ఉంటుంది. సగంలో ఆగి కాసేపటికి కదలడం ఆ రక్షణ తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. ఈ స్థితిలో కొత్త మోటారు వేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తరవాత అదీ ఇదే దారి పడుతుంది.

అద్దం పూర్తిగా దించి, సన్నని ప్లాస్టిక్ పట్టీకి తడిగుడ్డ చుట్టి గాడిని పైనుంచి కిందిదాకా తుడవండి. ఒకసారికి పోదు, గుడ్డకు నల్లటి మట్టి అంటడం ఆగేదాకా తుడవాలి. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి అద్దాన్ని పలుమార్లు ఆడించండి. గ్రీజు, ఇంజన్ ఆయిలు వాడకండి. పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బిస్తాయి, పైగా దుమ్మును పిలిచి మరీ అంటించుకుంటాయి. ఎప్పుడో సన్ ఫిల్మ్ తీయించి ఉంటే అద్దం అంచున మిగిలిన జిగురును కూడా చూడండి. అది కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది.

శుభ్రం చేసినా బరువు తగ్గకపోతే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు పలక) విప్పి రెగ్యులేటరు చూడాలి. కేబుల్ రకంలో సన్నని ఉక్కు తీగ ప్లాస్టిక్ గిలకల మీద బావి చేంతాడులా నడుస్తుంది. గిలక పగిలినా, కేబుల్ పోగు లేచినా అద్దం ఒక పక్కకు వాలి గాడిలో ఇరుక్కుంటుంది, టకటకమని చప్పుడు కూడా చేస్తుంది. చప్పుడు లేకుండా, వాలకుండా, నిటారుగా నెమ్మదిస్తుంటే నా ఓటు గాడికే.

లూజు కాంటాక్టు:

సాగరతీరం గారితో ఏకీభవిస్తూ ఒక చిన్న చేర్పు. డ్రైవరు స్విచ్ రోజులో ఎక్కువసార్లు వాడేది కనుక దాని కాంటాక్టులు కాలి గుంటలు పడడం కూడా సాధారణమే. అప్పుడు అద్దం నెమ్మదించడంతో పాటు స్విచ్ చేతికి వెచ్చగా తగులుతుంది, లైటు అంతగా మసకబారదు. గాడి శుభ్రం చేశాక మోటారు కనెక్టరు దగ్గర, అద్దం పైకి కదులుతుండగానే వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే ఒక వోల్టు లోపే తక్కువైతే స్విచ్‌నూ తీగలనూ అనుమానించనక్కర్లేదు. రెండు మూడు వోల్టులు పోతుంటే ఆ వోల్టులు ఎక్కడ పోతున్నాయో స్విచ్‌కు ఇటూ అటూ కొలిచి పట్టుకోవచ్చు.

బెజవాడ బండి:

అందరికీ కృతజ్ఞతలు. ఆటోనగర్‌లో మరొక ఎలక్ట్రీషియన్ దగ్గర, నా ఎదురుగానే ఎడమ గొట్టం విప్పించాను. దించే తీగ పూర్తిగా తెగి తొడుగు మీదే వేలాడుతున్నది, స్పీకరు తీగలలో ఒకటి కేవలం రెండు పోగుల మీద నిలిచి ఉంది, ప్లస్ తీగ లాగితే కాస్త సాగింది కనుక దాన్ని కూడా మార్పించాను. అతుకులు తలుపు లోపలికీ బాడీ లోపలికీ వచ్చేలా చేయమంటే ఆయన మొదట విసుక్కున్నారు కానీ, చేసిన పని మాత్రం శుభ్రంగా ఉంది. ఇప్పుడు తలుపును ఏ కోణంలో ఉంచినా నాలుగు నొక్కులూ పనిచేస్తున్నాయి.

కుడి వైపు గాడి తుడిచి సిలికాన్ కొట్టాక అద్దం ఎండలో కూడా ఆగకుండా పైదాకా వస్తున్నది. కొత్తదానిలా వేగంగా ఉందని మాత్రం చెప్పలేను. అద్దం పైకి వస్తుండగా మోటారు దగ్గర 11.4, బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు చూపింది, ఇంజన్ ఆపి ఉంది. మరొక సందేహం: కొలత కోసం కుడి డోర్ ప్యాడ్ విప్పినప్పుడు వెనుక ఉన్న పలచటి ప్లాస్టిక్ షీటు చిరిగింది. దాన్ని తీసి పారేయవచ్చా?

ఆటోనగర్ పాతకాపు:

పారేయకండి. అద్దం మీద పడిన వాన నీళ్లు కొంతవరకు తలుపు లోపలికి దిగడం సహజం; ఆ షీటు వాటిని లోహం వైపే ఉంచి అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పంపుతుంది. అది లేకపోతే నీళ్లు డోర్ ప్యాడ్‌లోకీ, స్పీకరు మీదికీ, స్విచ్ కనెక్టరులోకీ వస్తాయి. మందపాటి పాలిథీన్ షీటును పాతదాని కొలతకు కత్తిరించి, జిగట రబ్బరులా ఉండే బ్యుటైల్ టేపుతో అంచులన్నీ అతికించండి. అడుగు అంచు మాత్రం లోహపు సందు లోపలికి మడిచి పెట్టాలి, బయటికి వేలాడితే నీళ్లు ప్యాడ్‌లోకే కారుతాయి. ప్యాడ్ బిగించే ముందు తలుపు అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. వోల్టు కన్నా తక్కువే పోతున్నది కనుక కుడి స్విచ్ జోలికి ఇప్పుడు వెళ్లవద్దు. వేగం ఇంకా కావాలంటే గాడి రబ్బరు కొత్తది వేయించుకోండి, మోటారుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.